గోనె అవ్వ కట్టిన పిల్లబండి

దగ్గరికి జరగండి. ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి, కాళ్ళు చాపుకున్నా ఏమీ అనుకోను. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. దూరం నుంచి సగమే వినపడుతుంది, సగం విన్నవాళ్ళకు ఆమె మీద తప్పుడు అభిప్రాయం మిగిలిపోతుంది. అది మిగలకూడదనే చెబుతున్నాను.

మొన్న బోథ్ దిక్కు నుంచి ఒక మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "మా మేనత్త పోయింది. పదకొండు దినాలాయె. మీకు తప్పకుంట చెప్పుమని ముందుగాల్నే చెప్పి పెట్టింది" అన్నాడు. చెంబుతో నీళ్ళిస్తే తాగి, చెంబు గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో అన్నం అడుగంటింది, నేను చూసుకోలేదు.

ఆమె పేరు నేను చెప్పను. బెల్లంపల్లిలో ఉన్నన్ని రోజులూ ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. స్టేషన్ దగ్గర అందరూ "గోనెలు కుట్టే ముసల్ది" అనేవాళ్ళు. నిజానికి అప్పటికి ఆమెకు ముసలితనం రాలేదు, తల మాత్రం ముందుగా నెరిసింది. మా ఇంటి పక్క గోడ ఆమెది. నేను కాపురానికి వచ్చిన కొత్త. "పెద్దవ్వా" అని పిలిచేదాన్ని.

పార్సిల్ ఆఫీసు గోడ నీడలో కూర్చునేది. పక్కన వరిగడ్డి మోపు, గోనె పట్టాలు, పురికొస ఉండలు. దబ్బనం మాత్రం ఎప్పుడూ కొప్పులోనే. నిద్రపోయేటప్పుడు కూడా తీయదని జనం అనేవాళ్ళు. తీసేది, నేను చూశాను. తలగడ కింద పెట్టుకునేది.

ఎవరైనా ఊరికి సామాను పంపాలంటే ఆమె దగ్గరికి రావాల్సిందే. అద్దాలు, పింగాణీ, దేవుడి పటాలు, ఒకసారి ఒక హార్మోనియం. కట్టడం అయిపోయాక మూటను రెండుసార్లు అరచేత్తో తట్టి, అత్తగారింటికి పంపే పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేది. "సల్లగ పో. ఎవలన్న కింద ఎత్తేస్తే ఏడ్వకు. ఆడ నిన్ను ఇప్పెటోళ్ళు నిమ్మలంగ ఇప్పాలె." ఆ తర్వాత ఆ మూటనే రెండు చేతులా ఎత్తి, అరుగు మీద నుంచి కిందకు విసిరేసేది.

పంపేవాళ్ళ గుండె జారిపోయేది. ఒకసారి ఒక సేటు తల పట్టుకున్నాడు.

"ఓ ముసల్దాన, అండ్ల నిలువుటద్దమున్నదే."

"ఉన్నదనే ఏసిన సేటూ. నా ముంగట పలిగితే నన్ను తిడ్తవు. కాజీపేట్ల పలిగితే ఎవల్ని తిడ్తవు?"

విప్పి చూపించింది. అద్దంలో సేటు ముఖం, పక్కనే ఆమె నవ్వు ముఖం కనిపించాయి. మళ్ళీ కుట్టింది. "కట్టుడంటే కదలకుంట కాదు బిడ్డా, కదిలినా పలగకుంట" అని నాకు నేర్పింది. ముడి కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పురికొసను రెండు చుట్లు తిప్పాలి, కొసను వెనక్కి దూర్చాలి, కాలు ఆనించి లాగాలి. ఒక్క చుట్టుతో ఆపితే కుదుపుకు జారిపోతుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకొక అలవాటుండేది. ఖాళీ గిన్నెను ఖాళీగా పంపేది కాదు. ఇత్తడి బిందె పార్సిల్‌కు వస్తే, తన కొంగున ఉన్న బియ్యం పిడికెడు అందులో వేసి మూతి కుట్టేది. ఎలుకలు కొడతాయని పార్సిల్ బాబు గొణిగేవాడు. "ఎలుక గూడ తిననియ్యి. ఉత్తగ పోయిన బిందె ఉత్తగనే ఉంటది" అనేది.

ఎందుకలా అని ఒక మధ్యాహ్నం అడిగాను. గడ్డి పేనుతూ, తల ఎత్తకుండా చెప్పింది. ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో జ్వరం వచ్చి పోయింది. పోయిన రోజే అత్త అందట, "బిడ్డ నా ఒళ్ళ ఉంటె నువ్వు కాలుతోని ఉత్త తొట్టెల ఊపినవ్, గందుకే పోయింది" అని. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మనకు తెలిసిందే కదా. ఏడాది తిరగకుండా మగడు ఇంకొకర్ని తెచ్చుకున్నాడు, ఈమె బండెక్కి బెల్లంపల్లి వచ్చేసింది.

"నిజంగ ఊపినవా పెద్దవ్వా?"

"నాకైతే యాదికి లేదే. గని అత్త చూసిందట."

అంతే అంది. పేనిన గడ్డి జడ బిగువుగా ఉందా లేదా అని రెండు చేతులా లాగి చూసింది.

అప్పటికి మనది హైదరాబాదు రాష్ట్రమే, ఆంధ్రతో కలవలేదు. బొగ్గుబాయికి కోస్తా దిక్కు నుంచి ఒక ఇంజనీరు దొర వచ్చాడు. వాళ్ళకు ఐదేళ్ళ పాప. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి నడుములో, కాళ్ళలో సత్తువ పోయిందట. నేల మీద కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది. ఆ పాపకు ఒక విలాయతి బండి ఉండేది. పెద్ద చక్రాలు, కింద స్ప్రింగులు, పైన తోలు గొడుగు. పాప వీపు నిలిచేందుకు వర్క్‌షాపు వడ్రంగి ఒక టేకు పలక కొలతపెట్టి చేసి, ఇనుప మడతబందుతో బిగించాడు. ఆ పలకకు ఆని, నడుముకు పట్టీ కట్టుకుంటేనే ఆ బిడ్డ లోకాన్ని నిటారుగా చూసేది. లేకపోతే ఇంటి దూలాలే చూడాలి.

దొరగారి సామాను రైల్లో దిగినప్పుడు విప్పడానికి పెద్దవ్వను పిలిచారు. పాప బండిలోంచి చూస్తూ కూర్చుంది. గోనెలోంచి ఒక్కొక్క వస్తువూ బయటికి వస్తుంటే చప్పట్లు కొట్టింది. మర్నాడు "గోనె అవ్వ రాలేదేం?" అని ఏడ్చిందట. ఆ రోజు నుంచి సాయంత్రం పని ముగించుకుని పెద్దవ్వ బంగళాకు వెళ్ళేది. బండి తోసుకుంటూ రైలు గేటు దాకా తీసుకొచ్చేది. నేనూ చాలాసార్లు వెంట వెళ్ళాను. గూడ్సు పోతుంటే పాప అడిగేది.

"గోనె అవ్వా, ఆ డబ్బాల్ల ఏమున్నది?"

"బొగ్గు."

"దాని ఎనకాల దాంట్ల?"

"బొగ్గే."

"గా లాస్టు దాంట్ల?"

"గా దాంట్ల నీ మొగడున్నడు. మసి కడుక్కొని వస్తడు, ఆగు."

పాప పడీ పడీ నవ్వేది. ఇంటికి వెళ్ళి "గా దాంట్ల" అంటే దొరసాని విసుక్కునేది, ఏం మాటలు నేర్పుతున్నావు అని. పెద్దవ్వ తల వంచుకుని నవ్వు దాచుకునేది. ఆ రోజుల్లో దబ్బనం పక్కన కొప్పులో కనకాంబరాలు కూడా ఉండేవి, పాప పెట్టినవి.

బొంబాయిలో ఒక డాక్టరు చూస్తానన్నాడు. పిల్లను రెండు మూడు రోజులు రైళ్ళలో కుదపొద్దు, సికింద్రాబాదు దాకా రైల్లో తెచ్చి అక్కడి నుంచి విమానంలో తీసుకురండి అన్నాడు. తల్లీ కూతురూ వెళ్ళాలి, బండీ వెళ్ళాలి. దొర పెద్దవ్వను పిలిపించాడు.

"చూడమ్మా, అక్కడ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండాలి. ఈ బండి లేకపోతే పాప కూర్చోలేదు. చెక్కుచెదరకుండా చేరాలి."

"గాలి మోటర్ల సామాన్లు ఎవలు ఎత్తుతరు దొరా?"

"అక్కడి కూలీలు."

"ఏ దిక్కు పైకుండాలెనో రాస్తె చూస్తరా?"

"చూడరనే అనుకో."

"రైల్ల గూడ చూడరు. నాకు ఇడిసిపెట్టుండ్రి."

ధైర్యంగా అందే కానీ, ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి మా ఆయన ముందు కూర్చుంది. ఆయన అదే దొర చేతికింద వర్క్‌షాపులో పనిచేసేవాడు, కొలువు ఇంకా పక్కా కాలేదు. విమానాన్ని ఆకాశంలో తప్ప చూడలేదు. అయినా చెప్పాడు.

"గాలిల గూడ గుంతలుంటయట పెద్దవ్వా."

"గుంతలా? తవ్వినోడెవడు?"

"ఎవడు తవ్వడు. గాలి పలుచగున్న కాడ మోటరు దబ్బున కిందికి దిగుతదట."

"నువ్వు ఎక్కినవా?"

"నేనేడ ఎక్కుత?"

"ఎక్కనోని మాట పట్టుకొని కట్టాల్నా?" అని లేచి వెళ్ళిపోయింది. కానీ మర్నాడు గడ్డి రెండింతలు తెచ్చింది.

ఎలా కట్టిందో చెప్పాలి. చక్రాలు ఊడదీసి, ఒక్కొక్క పుల్ల మధ్యా పాత చీర పీలికలు దూర్చి, పైన గడ్డి జడలు చుట్టింది. స్ప్రింగులు అణగకుండా వాటి కడుపులో గుడ్డ ఉండలు కుక్కింది. తోలు గొడుగు మడత పడితే పగులుతుందని లోపల దూది నింపింది. టేకు పలకకు ముందొక బొంత, వెనకొక బొంత. అంతా గోనెలో కుట్టి, బంగళా వరండా మీద నుంచి విసిరింది. ఒకసారి నిలువుగా, ఒకసారి పక్కకు, ఒకసారి తలకిందులుగా. దొరసాని కళ్ళు మూసుకుంది. విప్పితే ఒక్క గీత లేదు. పాప మాత్రం "మళ్ళ ఎయ్యి గోనె అవ్వా" అంది.

ఆఖరి సాయంత్రం దాకా పాప బండిలోనే తిరగాలి కనుక ప్రయాణం రోజు పొద్దున మళ్ళీ కట్టాం. వెనక వరండాలో మేమిద్దరమే. అంతా అయ్యింది, ఇక పైన గోనె కప్పడమే తరువాయి అనగా, పెద్దవ్వ నడుముకు చెక్కుకున్న మూట విప్పింది. పసుపు నూరే గుండ్రాయి, రెండు పిడికిళ్ళంత. పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చింది.

మనలో బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసేముందు ఏం చేస్తారు? గుండ్రాయికి పసుపు రాసి ముందు దాన్ని పడుకోబెట్టి ఊపుతారు, ఉన్న చెడంతా రాయికి పోవాలని. ఆ తర్వాతే బిడ్డ. ఆ రాయి ఆమె కూతురి తొట్టెలలో వేసినది. అన్నేళ్ళూ దాచుకుంది.

"పిల్ల కూసునే బండి ఉత్తగ పోవద్దు బిడ్డా. అంత దూరం, అది గూడ గాలిల" అంది.

"దొరసానికి చెప్తివా?"

"చెప్తె నవ్వుతరు."

రాయిని గుడ్డలో చుట్టి సీటు మీద పెట్టింది. రెండు చేతులా గొడుగును ఎత్తి పట్టుకుంది. "సీటు పట్టీలకు కట్టు" అంది నాతో. పొద్దుటి నుంచి పురికొస లాగి నా వేళ్ళు తోలు లేచి ఉన్నాయి. ముందు వాకిట్లో కారు హారన్ కొట్టాడు డ్రైవరు. ఒక్క చుట్టు తిప్పి, కొస లాగేసి వదిలేశాను.

"గట్టిగ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దవ్వా."

మనసులో ఏదో గుచ్చుకుంది. "ఒక్కపారి కిందేసి చూద్దమా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "పిల్ల కూసున్నంక బండిని ఎవలన్న కిందేస్తరానే?"

రాయి ఎక్కాక ఆమెకు అది పార్సిల్ కాదు. ఆ ఒక్కదాన్నే ఆమె విసరకుండా పంపింది. పాప చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది, గోనె కుట్టిన బండిని రెండుసార్లు తట్టింది, కారు వెనకాల గేటు దాకా నడిచింది.

ఇరవై రోజులకు దొర వచ్చాడు, మా వాడకు, కాలినడకన. మేమిద్దరం ఆమె గడపలో కూర్చుని గడ్డి పేనుతున్నాం. దొర చేతిసంచిలోంచి రాయి తీసి అరుగు మీద పెట్టాడు. దాని గుడ్డకు పురికొస ఇంకా వేలాడుతూ ఉంది. భార్య ఉత్తరం రాసి, బొంబాయి నుంచి వస్తున్న తెలిసినవాళ్ళ చేత ఆ రాయి పంపిందట. బయట ఒక్క కుట్టు కూడా ఊడలేదు. లోపల రాయి విడిపోయి, దొర్లి దొర్లి టేకు పలకను రెండుగా చీల్చింది, మడతబందును వంచేసింది. అక్కడ ఆ కొలతకు చేసేవాడు దొరకలేదు. పాప పదిహేను రోజులుగా వెల్లకిలా పడుకునే ఉంది. కిటికీ దగ్గర కూర్చోబెట్టమని ఏడుస్తోందట.

"ఎవరు పెట్టారమ్మా ఇది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అలసిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు.

"నేనే పెట్టిన దొరా."

"ఎవరు కట్టారు?"

ఆమె రాయిని ఒళ్ళోకి తీసుకుంది. పురికొస కొస పట్టుకుని చూసింది. తెగలేదది, జారింది. ఒక్క చుట్టు పడిన వంపు దాని మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ కొసను చూస్తే ఎవరు ముడి వేశారో ఆమెకు తెలియదా? నా చేతిలో గడ్డి జడ తడిసిపోయింది చెమటతో. నోరు తెరిచాను కూడా. ఆమె ఆ పురికొసను తన పిడికిలికి చుట్టేసుకుంది, ఇంకెవరికీ కనపడకుండా.

"నేనే కట్టిన దొరా. కండ్లు సరిగ అవుపడలే."

దబ్బనంలో దారం మొదటిసారికే ఎక్కించే కళ్ళు అవి.

దొర ఖాళీ చేతిసంచి మడుచుకున్నాడు. "ఇక నువ్వు బంగళాకు రావద్దమ్మా. మా ఆవిడ రాసింది. నేనేం చేయలేను" అని వెళ్ళిపోయాడు.

నేను పరుగెత్తి వెళ్ళి దొరకు చెప్పవచ్చు. మా ఆయన కొలువు గుర్తొచ్చింది. ఇంట్లో మా అత్త నోరు గుర్తొచ్చింది. రేపు చెబుతాను అనుకున్నాను. రేపు అనేది ఎంత మెత్తటి తలగడో, ఎన్నిసార్లు తల పెట్టుకున్నా అరగదు.

నాలుగు నెలలకు పాప తిరిగొచ్చింది. బండికి కొత్త పలక, తోయడానికి కొత్త ఆయా. మళ్ళీ సాయంత్రాలు రైలు గేటు దాకా వచ్చేది. పార్సిల్ ఆఫీసు ముందు నుంచే దారి. దూరం నుంచే "గోనె అవ్వా" అని కేకేసేది. పెద్దవ్వ గబుక్కున లేచి, గోనెల గుట్ట వెనక్కి వెళ్ళి గోడకు ముఖం పెట్టుకుని నిలబడేది. తన కోసం కాదు, పలికితే పిల్లకు ఇంట్లో తిట్లు పడతాయని. పిలుపు ఆగి, చక్రాల చప్పుడు పోయేదాకా అలాగే నిలబడేది. మళ్ళీ వచ్చి కూర్చుని, ఏ కుట్టు దగ్గర ఆపిందో వెతుక్కునేది. ఏడాది పాటు చూశాను. ప్రతి సాయంత్రం నేను ఆ పక్కనే ఉన్నాను.

ఒక రోజు పాప పిలవలేదు. ముఖం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఏం చెప్పారో, బండి పలగ్గొట్టింది ఈమే అని చెప్పారో. ఆ సాయంత్రం పెద్దవ్వ గోడ దగ్గరికి వెళ్ళలేదు. అక్కడే కూర్చుని చూసింది. "పెద్దగయ్యింది పిల్ల" అంది.

ఆ తర్వాత దొరకు బదిలీ అయ్యింది. వాళ్ళ సామాను వేరే మనుషులు చెక్కపెట్టెల్లో మేకులు కొట్టి రైలెక్కించారు. పెద్దవ్వ పార్సిల్ గోడ నీడలో కూర్చుని ఒక్కొక్క పెట్టె లెక్కపెట్టినట్టు చూసింది. బండి ఏ పెట్టెలో ఉందో తెలియలేదు.

అప్పటి నుంచి ఆమె బిందెల్లో బియ్యం వేయడం మానేసింది. మూటలతో మాట్లాడటమూ మానేసింది. ఒక్క పని మాత్రం కొత్తగా మొదలుపెట్టింది. ఎంత విలువైన సామాను వచ్చినా ఆఖరి ముడి నా చేతికిచ్చేది. "నువ్వెయ్యి బిడ్డా" అనేది. వేశాక లాగి చూసేది కాదు. పదేళ్ళు. ఒక్కసారి కూడా లాగి చూడలేదు. లాగి చూస్తే బాగుండేది నాకు. ఒక్క తిట్టు తిడితే, ఆ తిట్టు పట్టుకుని నేను కాళ్ళ మీద పడేదాన్ని.

చేతులు వణకడం మొదలయ్యాక తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సెక్కించడానికి మంచిర్యాల దాకా వెళ్ళాను. బెంచీ మీద కూర్చుని, "పెద్దవ్వా, గప్పుడు గా బండి కాడ" అని మొదలుపెట్టాను. ఆమె నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. గడ్డి వాసన ఆ చేతికి.

"మీ ఆయన కొలువు పక్కా అయ్యింది గద?"

"అయ్యింది."

"పోరగాండ్లు బడికి పోతుండ్రు గద?"

"పోతుండ్రు."

"ఇగేంది మరి" అంది.

పోయింది ఇప్పుడు. తమ్ముడి కొడుకుతో నాకు చెప్పమనే చెప్పింది, ఇంకే మాటా పంపలేదు.

ఆ పాప ఎక్కడో ఉండాలి. పెద్దదయి ఉంటుంది. కోస్తాలో ఉందో, ఇంకెక్కడ ఉందో, పేరు రాసి వేయడానికి నా దగ్గర విలాసం లేదు. అందుకే ఇలా అందరికీ చెబుతున్నాను, చెవిన పడకపోతుందా అని. అమ్మా, నువ్వు కేక వేసిన ప్రతిసారీ ఆమె విన్నది. గోడ అవతల నిలబడి విన్నది. నీ బండి విరగ్గొట్టింది ఆమె కాదు, ఒక్క చుట్టుతో సరిపెట్టిన చేతులు నావి. ఆమె మీద కోపం ఉంటే తీసేసి ఇటు పంపు. నేనింకా బతికే ఉన్నాను, పట్టుకుంటాను.

ఇంతసేపూ కూర్చున్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి పొయ్యి మీద ఎసరు తగ్గకూడదు, మీ పిల్లలకు కాళ్ళ సత్తువ తగ్గకూడదు. మీ ఇంట్లో ఎవరి చేతి నుంచి తప్పు జరిగినా, పొద్దు గూకకముందే చెప్పుకునేంత ధైర్యం వాళ్ళ నాలుకకు రావాలి, వినేవాళ్ళు ఆ పూట ఇంట్లోనే ఉండాలి.